నిద్రలో ఏడ్చే కుక్క: తట్టి లేపే ముందు

చీమ చిటుక్కుమన్నా లేచి కూర్చునేవాళ్ళది కుక్క నిద్ర అంటాం. రాణి మా ఇంటికి వచ్చిన మొదటి నెలలోనే ఆ మాటలో సగమే నిజమని తేలిపోయింది. పగలు గేటు గడియ కదిలితే చాలు, దిగ్గున లేచేది. అదే కుక్క రాత్రి కలలో పడితే పక్కనే కత్తెర జారిపడ్డా చెవి కదపదు. లేవదు సరే, ఏడుస్తుంది. ముందు గొంతులోనే సన్నగా కుయ్యిమంటుంది. తర్వాత మూతి తెరవకుండానే బుగ్గలు ఉబ్బించి “బఫ్, బఫ్” అంటుంది. ఆ తర్వాత సాగదీసి ఒక ఏడుపు. మొదటిసారి విన్నప్పుడు వీధిలో ఎవరో మనిషే ఏడుస్తున్నారనుకుని కిటికీ తీసి చూశాను.

నేను కుట్టుపని చేస్తాను. పని ఎక్కువగా ఉన్న రోజుల్లో అర్ధరాత్రి దాటేదాకా మిషన్ ముందే ఉంటాను. రాణి పరుపు నా కాళ్ళకు రెండడుగుల దూరంలో. మా పిల్లల నిద్రను కూడా నేను ఇంత దగ్గరగా, ఇంతకాలం చూడలేదు. దానితో పాటు ఈ రెండేళ్ళలో మా ఇంట్లో కొన్నాళ్ళు తలదాచుకుని వెళ్ళిన ఇంకో నాలుగు రెస్క్యూ కుక్కలు (కష్టంలోంచి కాపాడి తెచ్చినవి) నేర్పింది కొంత, విసుక్కోకుండా చెప్పిన పశువుల డాక్టరమ్మ నేర్పింది కొంత. అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు చెయ్యి వెనక్కి తీసుకోండి

కుక్క నిద్రలో ఏడుస్తుంటే మనకు మొదట వచ్చే బుద్ధి, వెళ్ళి ఒళ్ళు నిమరడం. నేనూ అదే చేశాను. రాణి వచ్చి పదకొండు రోజులైంది. నేను మెడ మీద చెయ్యి వేశానో లేదో, కళ్ళు తెరవకుండానే తిరిగి నా బొటనవేలి కింద కండను పట్టేసింది. అర క్షణంలో వదిలేసింది కూడా. ఆ తర్వాత దాని మొహం చూడాలి. చెవులు వెనక్కి వాలిపోయి, మిషన్ కిందకు దూరి, పొద్దున దాకా బయటికి రాలేదు. నా చేతికి పడింది మూడు పళ్ళ గాట్లే. కానీ దానికి నా మీద కుదురుతున్న నమ్మకం రెండు వారాలు వెనక్కి పోయింది. (పంటి గాటు ఎంత చిన్నదైనా సబ్బు నీళ్ళతో 15 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళాల్సిందే. నేనూ వెళ్ళాను.)

అది కోపంతో కరిచిన కాటు కాదు. కలలోంచి మెలకువలోకి వచ్చే ఆ ఒకటి రెండు క్షణాల్లో కుక్కకు మనం ఎవరో తెలియదు. తన మీద ఏదో పడిందన్నది ఒక్కటే తెలుస్తుంది. ఎన్నో రాత్రులు ఒళ్ళు కాచుకుంటూ పడుకున్న కుక్కకు ఆ క్షణంలో పళ్ళే ముందుంటాయి. అందుకని మా ఇంట్లో ఒకటే నియమం: పడుకున్న కుక్కను ఎవరూ ముట్టుకోకూడదు. పిల్లలకైతే పరుపు చుట్టూ నేల మీద సుద్దతో గీత గీసి చూపించాను.

మరి ఏం చెయ్యాలి? చాలాసార్లు ఏమీ చెయ్యక్కర్లేదు. కల నిమిషం, రెండు నిమిషాల్లో దానంతటదే కరిగిపోతుంది. కుక్క ఒక పెద్ద నిట్టూర్పు విడిచి పక్క మారుతుంది. ఆ ఏడుపు వినలేక మనం లేపేస్తే మన మనసు కుదుటపడుతుంది గానీ, దాని నిద్ర చెడుతుంది. ఏడుపు బాగా పెరిగిపోయి లేపక తప్పదనిపిస్తే దూరంగా నిలబడి గొంతుతోనే లేపండి. వంగవద్దు, పెద్ద లైటు వెయ్యవద్దు.

పేరు పెట్టి పిలవమని చాలామంది చెబుతారు. మా దగ్గర అది పని చెయ్యలేదు. రాణి అన్న పేరు దానికి ఎవరు పెట్టారో, ఎలాంటి గొంతుతో పిలిచేవారో నాకు తెలియదు. నిద్రలో ఆ పేరు చెవిన పడితే ఇంకా ముడుచుకుపోయేది. అందుకే నిద్ర లేపడానికని ఒక కొత్త మాట నేర్పాను: “ఏమ్మా”. పగలు బాగా మెలకువగా, సంతోషంగా ఉన్నప్పుడు మెల్లగా “ఏమ్మా” అనడం, వెంటనే ఇష్టమైన తిండి ముక్క ఒకటి వెయ్యడం. రోజుకు పదిసార్లు చొప్పున రెండు వారాలు. తర్వాత ఊరికే పడుకుని కళ్ళు తెరిచి ఉన్నప్పుడు, ఆ తర్వాత కునుకులోకి జారుతున్నప్పుడు. ఇంత చేశాక ఒక రాత్రి నిజమైన ఏడుపు మధ్యలో “ఏమ్మా” అంటే కళ్ళు తెరవకముందే తోక రెండుసార్లు నేలకు కొట్టింది. మీకు నచ్చిన మాట ఏదైనా సరే. తిట్టడానికి మాత్రం ఎన్నడూ వాడనిదై ఉండాలి.

లేచాక కూడా వెంటనే దగ్గరకు తీసుకోకండి. అది లేచి, ఒళ్ళు దులుపుకుని, వాసన చూసి, తానుగా వస్తే అప్పుడు నిమరండి.

కలంటే ఏమిటి, ఏది కల కాదు

కుక్కకు నిద్రపట్టిన దాదాపు 20 నిమిషాలకు కలల నిద్ర, అంటే రెమ్ నిద్ర మొదలవుతుంది. శ్వాస ఎగుడుదిగుడు అవుతుంది, రెప్పల కింద కనుగుడ్లు తిరుగుతాయి, మీసాలు, పెదాలు, పాదాల కొసలు అదురుతాయి. మెదడు పరుగెత్తమంటున్నా ఒళ్ళు కదలనివ్వకుండా మెదడు కాండంలో, అంటే మెదడు వెన్నుపాముతో కలిసే చోట, ఒక తాళం ఉంటుంది. ఆ తాళం సందుల్లోంచి కారేవే ఈ అదుర్లు, నోరు మూసుకుని మొరిగే మొరుగులు. ఫ్రాన్స్‌లో మిషెల్ జువే 1959 నుంచి పిల్లుల మీద చేసిన పనిలో ఈ తాళం సంగతి బయటపడింది. మెదడు కాండంలో ఆ చోటు దెబ్బతిన్న పిల్లులు నిద్రలోనే లేచి, ఎదురుగా లేని వేటను వెంటాడాయి. 2001లో అమెరికాలోని ఎమ్ఐటీ విశ్వవిద్యాలయంలో కెన్వే లూయీ, మాథ్యూ విల్సన్ ఎలుకల మెదళ్ళలో, పగలు తిరిగిన దారి తాలూకు అలికిడే రెమ్ నిద్రలో మళ్ళీ నడవడం చూశారు. ఎలుకకే పగటి దారి రాత్రి తిరిగొస్తే, కుక్కకు రాదని ఎలా అంటాం? పసికూనలూ ముసలి కుక్కలూ మిగతావాటికంటే ఎక్కువగా అదురుతాయి. వాటిలో ఆ తాళం కాస్త వదులు.

ఇంతవరకూ బాగానే ఉంది. నేను పప్పులో కాలేసింది దీని తర్వాతే.

రాణిని తెచ్చినవాళ్ళు అది చాలాకాలం గొలుసుతో కట్టేసి ఉన్న కుక్క అని చెప్పారు. నిద్రలో అది ఎడమ వెనక కాలిని విదిలించి ఏడ్చేది. ఇంకేముంది, కథ నాకు దొరికేసింది. గొలుసు ఆ కాలికే కట్టి ఉంటారు, కలలో దాన్ని తెంచుకోవాలని చూస్తోంది. చుట్టాలకు చెప్పాను, పక్కింటివాళ్ళకు చెప్పాను, చెబుతూ నేనే కళ్ళు తుడుచుకున్నాను. రెండు నెలలు ఈ కథను పెంచి పోషించాను. తర్వాత తెలిసిందేమంటే గొలుసు మెడకు ఉండేదట. కాలిలో ఉన్నది అరిగిపోయిన తుంటి కీలు.

రెస్క్యూ కుక్కను తెచ్చుకున్నవాళ్ళందరికీ నేను గట్టిగా చెప్పే మాట ఇదే. దాని గతం గురించి మనకు తెలిసింది పిడికెడు, అల్లుకునేది బండెడు. ఆ అల్లిక అడ్డుపడి కళ్ళ ముందున్న ఒంటిని చూడం. పీడకల అనే ముందు నొప్పి కాదని తేల్చుకోండి, ఫిట్స్ కాదని తేల్చుకోండి.

నాకు అసలు సంగతి బయటపెట్టింది కొలతల పుస్తకం. మా వృత్తిలో చేతిలో టేపు ఉంటే ఏదో ఒకటి రాయకుండా ఉండలేం. ఛాతీ, నడుము, పొడవు అని గళ్ళు ఉన్న పుస్తకంలోనే చివరి పేజీలు తీసి, ఛాతీ గడిలో టైము, నడుము గడిలో ఎన్ని సెకన్లు, పొడవు గడిలో ఏ కాలు, ఏ పక్క అని రాయడం మొదలుపెట్టాను. పదిహేను రాత్రులు రాశాక చూస్తే ఏడుపులు రెండు రకాలు. ఒక రకం నిద్రపోయిన పావుగంట, ఇరవై నిమిషాలకు వచ్చేది. ముందు మీసాలు అదిరేవి, తర్వాత పాదాలు, తర్వాత ఆ మూసిన మొరుగు. కళ్ళు మూసే ఉండేవి. అయిపోయాక నిద్ర సాగేది. రెండో రకానికి వేళాపాళా లేదు. ముందస్తు అదుర్లు లేవు. కుడి పక్క నుంచి ఎడమ పక్కకు దొర్లిన ప్రతిసారీ ఒక్క కేక, వెంటనే కళ్ళు తెరిచి ఉండేవి, తల తిప్పి తన నడుమువైపు చూసుకునేది. కొన్నిసార్లు లేచి చోటు మార్చేది. నేను గొలుసు అనుకున్న విదిలింపు ఈ రెండో రకంలోనిదే.

ఆ పుస్తకం, ఫోన్లో తీసిన నాలుగు వీడియోలు చూపించాక డాక్టరమ్మ రాణిని నడిపించి చూసింది, కాలు మెల్లగా వెనక్కి సాచి చూసింది, ఎక్స్‌రే తీయించింది. నొప్పి మందు మొదలుపెట్టిన పన్నెండో రోజు నుంచి రెండో రకం కేకలు నా పుస్తకంలో లేవు. మొదటి రకం ఉన్నాయి. అవి కలలు. ఎక్స్‌రేలో పెద్దగా ఏమీ కనిపించకపోయినా అనుమానం గట్టిగా ఉంటే కొన్ని వారాలు నొప్పి మందు ఇచ్చి తేడా చూసే పద్ధతి కూడా ఉందని ఆమే చెప్పింది. కాబట్టి ఎక్స్‌రే శుభ్రంగా ఉందనగానే మళ్ళీ పీడకల కథలోకి వెళ్ళిపోకండి. పన్ను నొప్పి, చెవిలో చీము, చర్మం దురద, కడుపులో మంట కూడా రాత్రిపూటే ఎక్కువగా బయటపడతాయి, పగలు సవాలక్ష వాసనల మధ్య కుక్క వాటిని మరిచిపోతుంది. వయసు మళ్ళిన కుక్క రాత్రంతా తిరుగుతూ, మూలల్లో నిలబడిపోతూ, పగలు నిద్రపోతుంటే అది మెదడు ముసలితనం కావచ్చు. దానికీ వైద్యం ఉంది.

ఫిట్స్ సంగతి ఇంకా ముఖ్యం, ఎందుకంటే అవి కూడా చాలాసార్లు నిద్రలోనే వస్తాయి. కలలో కాళ్ళు వదులుగా, తెగుతూ తెగుతూ కదులుతాయి. ఫిట్‌లో ఒళ్ళంతా కర్రలా బిగుసుకుంటుంది, లేదా కాళ్ళు ఒకే లయలో బలంగా కొట్టుకుంటాయి. కళ్ళు చాలావరకు తెరిచే ఉంటాయి కానీ చూపు ఉండదు. నురగ, చొల్లు, తెలియకుండా మూత్రం పోవడం ఉండవచ్చు. పిలిస్తే పలకదు. అసలు తేడా తర్వాత తెలుస్తుంది. కల నుంచి లేచిన కుక్క కాసేపట్లోనే మామూలైపోతుంది, ఫిట్ నుంచి లేచింది తూలుతుంది, గోడలకు తగులుతుంది, ఇంట్లోవాళ్ళనే గుర్తుపట్టనట్టు తిరుగుతుంది. ఫిట్ వచ్చినప్పుడు నోట్లో చెయ్యి పెట్టకండి, నాలుక మింగేస్తుందన్నది ఉత్తమాట. చుట్టూ ఉన్న కుర్చీలు జరిపి గడియారం చూడండి. 5 నిమిషాలు దాటినా, ఒక్క రోజులో రెండుసార్లు వచ్చినా అర్ధరాత్రైనా ఆసుపత్రికే.

ఇవి కాక మూడోది ఒకటి ఉంది, అరుదు. నిద్రలో ఒళ్ళు కట్టేసే ఆ తాళమే సరిగా పడకపోవడం. 2011లో అచ్చయిన ఒక వైద్య పరిశీలనలో ఇలాంటి 14 కుక్కల సంగతి ఉంది. నిద్రలోనే కాళ్ళు విపరీతంగా కొట్టుకోవడం, ఊళ పెట్టడం, గుర్రుమనడం, కరవడం. చాలావాటికి మందుతో తీవ్రత తగ్గింది. మీ కుక్క కలలో గోడకు గుద్దుకునేంతగా, పరుపు చింపేంతగా ఉంటే వీడియో తీసి చూపించండి.

మందుల విషయంలో మాత్రం సొంత వైద్యం వద్దు. మనుషులు వేసుకునే పారాసెటమాల్, ఐబుప్రొఫెన్ కుక్కను చంపగలవు. నిద్ర కోసమని మనం కొనే మెలటోనిన్ బిళ్ళల్లో కొన్నింటిలో తీపి కోసం జైలిటాల్ కలుపుతారు. అది కుక్కకు విషం.

పడక

పరుపు దారిలో ఉండకూడదు, ఒంటరి గదిలోనూ ఉండకూడదు. వీపుకు గోడ ఆనాలి, ఎదురుగా తలుపు కనిపించాలి, లేచి వెళ్ళడానికి అడ్డం ఉండకూడదు. ఇంట్లోవాళ్ళు రాత్రి బాత్రూమ్‌కు వెళ్తూ దాని మీదుగా దాటాల్సి వస్తే ఎంత మంచి పరుపైనా దండగే. మొదటి వారాల్లో మీ శ్వాస వినిపించేంత దూరంలో పడుకోబెట్టండి. అలవాటైపోతుందని భయపడేవాళ్ళకు నేను చెప్పేది, దూరం తర్వాతైనా పెంచుకోవచ్చు. రాణి పరుపును నేను వారానికి ఒక గజం చొప్పున జరిపాను, చివరికి అదే మళ్ళీ మిషన్ దగ్గరకు లాక్కొచ్చుకుంది.

పరుపు నేనే కుట్టాను. లోపల కుట్టుగదిలో మిగిలిన గుడ్డ ముక్కలు, పైన మందపాటి దుప్పటి. మొదటిది ఒక తప్పు. ముక్కలు వదులుగా కూరాను, నెలకల్లా తుంటి దగ్గర గుంట పడి నేల తగలసాగింది. రెండోసారి గళ్ళు గళ్ళుగా కుట్టి ఒక్కో గడిలో విడిగా కూరాను. కీళ్ళ నొప్పి ఉన్న కుక్కకు బయట కొనే గట్టి ఫోమ్ ఇంకా మేలు. పరీక్ష ఒకటే: పరుపు మీద మీ మోకాలు ఆనించి బరువంతా వెయ్యండి, నేల తగలకూడదు. కవరు ఉతికితే ఉతికారు గానీ, మొత్తం ఒకేసారి ఉతక్కండి. దాని వాసన ఉన్న దుప్పటి ఒకటైనా మిగలాలి.

చప్పుడు గురించి ఒక మాట. రాణి ఏడుపు మొదలైతే నేను మిషన్ ఆపి చూసేదాన్ని. ఆపగానే ఉలిక్కిపడి లేచేది. నా చూపు వల్ల కాదు, చప్పుడు ఆగడం వల్ల అని తెలియడానికి నాకు నెల పట్టింది. ఒకే తీరుగా సాగే చప్పుడు కుక్కకు దుప్పటి లాంటిది. ఠక్కున లాగేస్తే లేస్తుంది. ఫ్యాన్ పెడితే రాత్రంతా తిరగనివ్వండి, పాటలు పెడితే పొద్దున దాకా ఆగకుండా చూసుకోండి. 2012లో, దిక్కులేని కుక్కల్ని ఉంచే షెల్టర్‌లాంటి కెన్నెల్‌లో 117 కుక్కలకు సంగీతం వినిపించి చూశారు. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతానికి ఎక్కువ సేపు నిద్రపోయాయి, హెవీ మెటల్ అనే మోత సంగీతానికి వణికాయి. నా మిషన్ ఏ కోవలోకి వస్తుందో మరి.

రాత్రి బాగుపడేది పగలే

పెద్ద కుక్కకు రోజు మొత్తం మీద 12 నుంచి 14 గంటల నిద్ర కావాలి, ముక్కలు ముక్కలుగా. షెల్టర్ గోలలో అది దొరకదు. 2019లో వచ్చిన ఒక అధ్యయనంలో షెల్టర్ కుక్కల్ని ఒకటి రెండు రాత్రులు ఇళ్ళకు పంపి చూస్తే, ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గింది, కదలకుండా పడుకునే వ్యవధి పెరిగింది. అంటే మన ఇంటికి వచ్చే కుక్క నిద్ర బాకీతో వస్తుంది. నిద్ర కరువు తీరేటప్పుడు కలల నిద్ర పొంగుతుంది. అందుకే చాలామంది రెండో వారంలో బెంబేలెత్తుతారు: “వచ్చినప్పుడు రాయిలా పడుకుంది, ఇప్పుడు ఏడుస్తోందేమిటి?” అది చెడిందనే అనుకోనక్కర్లేదు. హంగరీలోని బుడాపెస్టులో పరిశోధకులు 2017లో చూసిందేమంటే, బెదిరింపు, ఒంటరితనం లాంటివి అనుభవించిన వెంటనే కుక్కలు మామూలుకంటే త్వరగా నిద్రపోయాయి. కాబట్టి మొదటి రోజుల ఆ రాయి నిద్రను హాయి అనుకోవడమూ తొందరే.

పగటి నిద్ర పాడు చేసి రాత్రి అలసిపోయి పడుకుంటుందనుకోవడం పసిపిల్లలతో చేసే తప్పే. అలసట ఎక్కువైతే చిరాకు వస్తుంది, నిద్ర రాదు. మధ్యాహ్నం రెండు గంటలైనా ఇల్లు నిశ్శబ్దంగా ఉంచండి. సాయంత్రం బంతి విసిరి పరుగెత్తించే ఆటలు మానేశాం. బదులుగా ముప్పావు గంట మెల్లటి నడక, తాడు వదులుగా, ముక్కు ఎక్కడ ఆగితే మేమూ అక్కడే. ఇంటికొచ్చాక నమలడానికి ఏదైనా. నమలడం, నాకడం కుక్కను నెమ్మదింపజేస్తాయి. పడుకునే ముందు ఒకసారి మూత్రానికి, రోజూ ఒకే వేళకు. చుట్టాలొచ్చిన రోజు, టపాసులు పేలిన రోజు, స్నానం చేయించిన రోజు పుస్తకంలో పక్కన చుక్క పెట్టండి. రాణికి స్నానం రోజున కలలు రెట్టింపు. స్నానం మానలేం గానీ, ఉదయానికి మార్చాం.

మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతారు, కుదుటపడటానికి. అది అనుభవజ్ఞుల అంచనా. మా ఇంటికొచ్చిన ఐదింటిలో ఒకటి వారంలో గురక పెట్టింది, ఇంకొకటి ఏడు నెలలకు కూడా దీపం ఆర్పితే పడుకోలేదు. దానికి చిన్న దీపం వదిలేశాం, అంతే. మీ పుస్తకంలో నెలకు నెల అంకెలు తగ్గుతుంటే చాలు. తగ్గకుండా పెరుగుతుంటే, తిండి మానేస్తే, పగలు కూడా మనిషి నీడకు ఉలిక్కిపడుతుంటే, మళ్ళీ డాక్టరు దగ్గరకు, అవసరమైతే కుక్కల ప్రవర్తన తెలిసిన నిపుణుల దగ్గరకు.

రాణికి ఇప్పుడు ఆరేళ్ళు ఉండొచ్చు. పుస్తకంలో దాని పేజీలు అయిపోయి మళ్ళీ మనుషుల కొలతలు వచ్చాయి. అయినా అలవాటు పోక మార్జిన్‌లో రాస్తుంటాను. నిన్న రాత్రిది ఇలా ఉంది: 11:40, కుడి ముందుకాలు, 25 సెకన్లు, రెండు బఫ్‌లు. మిషన్ ఆపలేదు.